నజ్నీన్ చెప్పిన జవాబు

మా కాలేజీ ఆత్మకూరు ఊరి బయట ఉంది. ఇక్కడి పిల్లలంతా నెల్లూరు, చెన్నై దారి పట్టేసరికి సీట్లు ఖాళీ పడ్డాయి. అప్పుడు మా చైర్మన్‌కు ఆఫ్రికా గుర్తొచ్చింది. బ్రోషర్‌లో మా బిల్డింగ్ వెనక లేని సముద్రం కూడా వేయించాడు మహానుభావుడు! ఆ దేశాల పిల్లలను రప్పించడానికి ఇంటర్నేషనల్ సెల్ పెట్టి నజ్నీన్‌ను కూర్చోబెట్టారు. సెల్ అంటే ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, నజ్నీన్. ఆ కంప్యూటరు మొరాయిస్తే చూసే ల్యాబ్ అసిస్టెంట్‌ని నేను.

నజ్నీన్ ఉదయగిరి నుంచి రోజూ బస్సులో వస్తుంది. వాళ్ల నాయన సైఫుల్లా చెక్క స్పూన్లు చెక్కేవాడు. చూపు మందగించి ఆ పని మానేశాడు. ఇప్పుడు ఇల్లు గడిచేది ఈమె జీతంతోనే. ఈ ఏడు టాంజానియా నుంచి పిల్లలు రాకపోతే సెల్ ఎత్తేస్తామని ప్రిన్సిపాల్ శ్రీకృష్ణ ఆమె ముఖం మీదే చెప్పేశాడు.

అక్కడి తల్లిదండ్రులతో వీడియో మీటింగ్ పెట్టారు. ముందే చేరిన విద్యార్థి ఎవరైనా మాట్లాడాలని వాళ్లు పట్టుబట్టారు. మాకున్న టాంజానియా విద్యార్థి బరాకా ఒక్కడే. రెండో ఏడాదికి వచ్చాడు, మన యాసలోనే తెలుగు దంచేస్తాడు. సరిగ్గా ఆ వారమే ఇంటి ఓనరు అతన్ని ఖాళీ చేయించాడు. హాస్టల్లో మొదటి ఏడాది వాళ్లకే చోటు. నజ్నీన్ అతన్ని వెంటబెట్టుకుని వీధి వీధీ తిరిగింది. అందరిదీ ఒకే మాట: "మాకేం అభ్యంతరం లేదమ్మా, ఇంట్లో పెద్దోళ్లు ఒప్పుకోరు."

మీటింగ్ మొదలైంది. తెర మీద పెద్ద హాలు, నిండా జనం. ల్యాబులు, ఫీజులు, భోజనం... అన్నిటికీ నజ్నీన్ చకచకా జవాబిచ్చింది. అంతలో ఒకామె లేచి, పక్కనున్న కూతురి భుజం మీద చెయ్యి వేసి అడిగింది: "మొదటి ఏడాది తర్వాత మా అమ్మాయి ఎక్కడ ఉంటుంది?"

బరాకా నజ్నీన్ వైపు చూశాడు. ల్యాప్‌టాప్ వెనక నిలబడ్డ ప్రిన్సిపాల్ కళ్లతోనే బెదిరిస్తున్నాడు.

"మేడమ్ ఉన్నారు. మాకు ఇల్లు వెతకడానికి మేడమే స్వయంగా వస్తారు" అన్నాడు బరాకా.

హాలంతా చప్పట్లు. ఆ తల్లి నవ్వింది. ప్రిన్సిపాల్ హమ్మయ్య అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. నజ్నీన్ మాత్రం మైకు దగ్గరికి జరిగింది.

"ఒక్క నిమిషం అమ్మా. వెతకడానికి వెళ్లిన మాట నిజమే. ఒక్కరూ ఇవ్వలేదు. ఇతను ఇప్పుడు ఆటల గదిలో నేల మీద పడుకుంటున్నాడు. గది ఇస్తామని కాలేజీ మీకు రాసిచ్చేదాకా అమ్మాయిని పంపకండి."

ప్రిన్సిపాల్ ల్యాప్‌టాప్ టక్కున మూసేశాడు.

"ఏందమ్మా నువ్వు చేసిన పని? రేపట్నించి రావద్దు, పో!"

నాకు అతని మీద కన్నా ముందు ఆమె మీదే మండింది. నోరు మూసుకుంటే ఏం పోయేది?

నజ్నీన్ బ్యాగు తీసుకుని మెట్లు దిగింది. బరాకా వెనకే పరుగెత్తాడు. "ఎందుకు చెప్పినారు మేడమ్? నేను ఎట్టో సర్దుకునేవాణ్ణి కదా!"

"నువ్వు సర్దుకుంటావు రా," అంది నజ్నీన్. "ఆ పిల్ల వస్తే యాడ పండుకుంటాది?"