ఆడవాళ్ల మేడకు బయటి తాళం

మా ఆయనకు నాటకాల పిచ్చి. చెన్నపట్నంలో నాటకశాల చూసొచ్చాక అది బాగా ముదిరింది. రాజమహేంద్రవరంలో గోదావరి గట్టుకు దగ్గరగా అలాంటిదే కట్టి తీరతానని పట్టుబట్టారు. మా వంటింటి గచ్చంతా బొగ్గుతో ప్లాను గీశారు. ఆ పూట నీళ్లబిందె దించే చోటు లేక నేను గుమ్మంలోనే నిలబడ్డాను.

ఏటిలో తేలివచ్చిన టేకు దుంగలతో స్తంభాలు లేచాయి. పైన రేకుల కప్పు. ఆట పగటిపూటే, కానీ దీపాల సొగసు తెలియాలని కిటికీలన్నిటికీ నల్లగుడ్డలు బిగించారు. బయట ఎండ మండుతుంటే లోపల కటిక చీకటి. వేదిక అంచున వరసగా కిరసనాయిలు దీపాలు, వాటి వెనకే గుడ్డ తెరలు. గుడ్డలు అంటుకుంటాయేమోనండీ అంటే నవ్వారు.

ఆడవాళ్లకు వెనకవైపు మేడ, ఇంచుమించు కప్పుకు ఆనుకునే. ముందు వెదురు తడికలు. మగవాళ్ల కంట పడకుండా సందులోంచి వేరే తలుపు, వేరే మెట్లు. ఆట మొదలవగానే ఆ తలుపుకు బయటినుంచి తాళం. తాళంచెవి మా ఆయన మొలలో.

"తాళం ఎందుకండీ? లోపల గడియ పెట్టించండి, మేమే వేసుకుంటాం," అన్నాను.

"గడియ మీ చేతిలో ఉంటే మాటిమాటికీ తీస్తారు. వెలుగు పడి ఆట పాడవుతుంది."

మా అత్తగారు ఎప్పుడూ కొడుకు పక్షమే. "తాళం ఉంటేనే పెద్దింటి ఆడవాళ్లు వస్తారే. మర్యాద ఉండొద్దూ?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. అయినా మేడెక్కి ఆవిడ పక్కనే కూర్చున్నాను.

ఆ శనివారం ఆటలో, అడవిలో తప్పిపోయిన రాణి భర్త కోసం ఏడుస్తోంది. వేషం వేసింది మీసాలు గొరిగించుకున్న మగవాడే అయినా గొంతు బాగుంది. మేడమీద అందరూ కొంగులతో కళ్లొత్తుకుంటున్నారు. నాకూ కళ్లు మండాయి. ఏడుపే అనుకున్నాను. ఇంతలో మా అత్తగారికి దగ్గు అందుకుంది. తడికల సందుల్లోంచి చూస్తే పక్క తెర అంచు రాజుకుంటోంది. వేదిక దీపాల మిరుమిట్లలో కిందవాళ్లకు అది కనపడదు. పొగంతా పైకెక్కి మా మీదే కమ్ముకుంటోంది.

ఒకావిడ మెట్లు దిగి తలుపు బాదింది. సందులో వినే నాథుడు లేడు. "మంటలండీ!" అని మేము అరిస్తే, కింద రాణి కూడా విరహంతో కాలిపోతున్నానని పాడుతోంది. తడిక తోసి మొహం చూపించడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. భర్త పేరు పలికితే ఆయన ఆయుష్షు తరిగిపోతుందని మా పెంపకం. పిలవాలంటే "ఏవండీ", అంతే. మేడంతా "ఏవండీ! ఏవండీ!" అని గోల. ఆడవాళ్లు కథలో లీనమైపోయారనుకుని మగవాళ్లు నవ్వారు. "వన్స్‌మోర్!" అన్నారు. రాణి మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది. మా ఆయన వేదిక పక్కన నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అన్ని ఏవండీల్లో నాది ఏదో ఆయనకేం తెలుస్తుంది?

మా అత్తగారు నా ఒళ్లో వాలిపోయారు. నేను తడిక పీకి, తల బయటపెట్టి, ఆయన్ని పేరు పెట్టి కేకేశాను. ఇంటిపేరుతో సహా.

పాట ఆగిపోయింది. హాలంతా నోరెళ్లబెట్టి నన్నే చూసింది. ఆయన మొహం ముందు జేవురించింది, తర్వాత ఆయనకు పొగ కనపడింది. పరుగున వచ్చి తాళం తీశారు. తెరలు కాలాయి గానీ మనుషులం అందరం బతికి బయటపడ్డాం.

సందులో నీళ్లు తాగించాక మా అత్తగారు కళ్లు తెరిచారు. "ఎంత పని చేశావే! వాడి ఆయుష్షేం కాను?" అని బావురుమన్నారు. ఊళ్లోనూ అంతే, మంట ఊసెత్తినవాళ్లు లేరు. అందరికీ నా నోరే దొరికింది.

కొత్త తెరలు వచ్చాయి. మళ్లీ ఆట ఉందని టముకు వేయించారు.

"తలుపు సంగతి ఏం చేశారండీ?" అని అడిగాను.

"తలుపుకేమైంది, బాగానే ఉంది. ఇకనుంచి నువ్వు రాకు," అన్నారు.

మా అత్తగారు పట్టుచీర కట్టుకుని వెళ్లారు. మేడ కిటకిటలాడిపోయిందట. ఆ పూట తాళం వెనక కూర్చున్నవాళ్లలో మొగుణ్ణి పేరు పెట్టి పిలిచే మనిషి ఒక్కతీ లేదు.