కుట్టు టీచరుగారి పీట

ఏలూరు మిషన్ బడిలో మా కుట్టు టీచరుగారు ఎవరి పక్కనా కూర్చునేవారు కాదు. క్రిస్మస్ సెలవుల్లో మేం టీచర్లమంతా హాస్టలు వరండాలో ఎండకు చేరి, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ బడి నడిపే దొరసానిగారి తెలుగును వెక్కిరించుకుంటుంటే, ఆవిడ పీట ఆ చివరికి లాక్కుని, నోటికి పైట అడ్డం పెట్టుకుని నవ్వేవారు. ప్రతి నవ్వు చివరా దగ్గు తెర వచ్చేది. ఆ దగ్గు క్షయేనని మాకందరికీ తెలుసు. బడి తెరవగానే డాక్టరమ్మ పరీక్ష చేసి ఇంటికి పంపేస్తుందనీ, ఆ జీతం లేకపోతే ముదినేపల్లిలో ముసలితల్లి పొయ్యి వెలగదనీ తెలుసు.

సెలవుల ఆఖరి రోజున, "అంత దూరమేమిటండీ, మేమేమన్నా కరుస్తామా?" అన్నాను.

"ఎండ ఇక్కడే బాగుందండీ," అన్నారు.

ఎండ అప్పటికే మావైపు వచ్చేసింది. ఆవిడ నీడలో వణుకుతున్నారు. ఎవరేమన్నా మాటకు మాట అప్పజెప్పేదాన్ని, ఆ మాటకు మాత్రం, "అవునండీ," అన్నాను.