నేలకు అంటని నారింజ గుర్తు

ఈశాన్య వానలు ముదిరిన ఒక నవంబరులో, రెండు ప్రొపెల్లర్ల పాత సైనిక రవాణా విమానానికి నన్ను సహ పైలట్‌గా వేశారు. ఆ విమానం వయసు నాకంటే ఎక్కువ. వైమానిక దళంలో స్వల్పకాలిక సర్వీసు ముగించుకుని, చంటిపాపతో తిరుత్తణిలో ఉంటున్న ఇప్పుడు కూడా, వాన గట్టిగా పడితే నాకు గుర్తొచ్చేది ఆనాటి పనే.

కొసస్తలై ఏరు పొంగి, తామరైపాక్కం అవతల ఒక నేతగాళ్ల ఊరు మునిగింది. జనం ఏటికట్ట మీద తిండి లేకుండా ఉన్నారు. బియ్యం, పాలపొడి మూటలను పారాచూట్లతో దింపాలి. ఒక్కో మూట రెండు బస్తాల బరువు. అవి పడాల్సిన ఖాళీ చోట నారింజ రంగు గుడ్డలను టీ అక్షరంలా నేలమీద పరిచి మేకులు కొడతారు. అది కనబడగానే కెప్టెన్ ఎర్రదీపం వేస్తారు, వెనక తలుపు దగ్గర లోడ్‌మాస్టర్ మూటల కట్లు విప్పుతాడు. పచ్చదీపం వెలిగితే తోసేస్తాడు. ఆ తర్వాత ఆపడం ఎవరి వల్లా కాదు.

మా కెప్టెన్ నెల్లూరు మనిషి. కింద రేడియో పలకలేదు. మబ్బు కిందికి దిగి కట్ట వెంట వస్తుండగా, "టీ అదుగో, పక్కాగా ఉంది" అన్నారు. ఎర్రదీపం వేశారు.

అప్పుడు ఆ నారింజ గీత నడుమ గాలికి లేచి ఊగడం చూశాను. మేకులు కొట్టిన గుడ్డ అలా ఊగదు. మాది మగ్గాల ఇల్లు. వరదొస్తే బియ్యం కంటే ముందు పడుగును, అంటే మగ్గమెక్కాల్సిన నిలువు నూలును, నెత్తిన పెట్టుకుని బయటపడతారు. తడిసింది చుట్టి ఉంచితే కుళ్లిపోతుంది. వాన తెరిపివ్వగానే ఆ రంగు నూలును ఒక కొసన అడ్డకర్రకు కట్టి, కర్రల మీద బారుగా చాచి, రెండు పక్కలా ఇంటిల్లిపాదీ నిలబడి తెగిన పోగులు అతుకుతారు.

"సర్, వద్దు. అది పడుగు. పక్కన మనుషులుంటారు."

"నీకు కనబడ్డారా?"

"లేదు సర్."

పచ్చదీపం మీట మీద ఆయన చెయ్యి అలాగే ఉంది. కట్ట మా కిందనుంచి వెనక్కి జారిపోయింది. చెయ్యి తీసేశారు.

ఇంకోసారి చుట్టి రావడానికి మబ్బు దారి ఇవ్వలేదు. మూటలను మళ్లీ బిగించి కట్టించాకే దిగాం. పడవలు ఆ ఊరికి చేరేసరికి మరునాడైంది. నేను చెప్పింది నిజమో కాదో అప్పటికి నాకే తెలియదు.

పెళ్లయ్యాక తెలిసింది. మా ఆయన పెద్దమ్మది ఆ ఊరే. పాప పేరు పెట్టిన రోజు అందరి ముందూ అందుకుంది. "ఏరోప్లేను తలమీదికే వొచ్చె. మేమంతా పడుగు పట్టుకోని నిలబడుంటిమి. ఏమన్నా ఏస్తాడని సూస్తే అట్నే పొయ్యినాడు. ఎవుడో కండ్లు లేనోడు."

"అందులో ఉండింది నేనే అత్తా."

"అట్నా? ఆ పొద్దు మా కూడు యాడ పెట్టినావు మే, తే."

మూట బరువెంతో చెప్పాను. ఆమె పాప కాళ్లు నిమురుతూ, "పడుగైతే దక్కింది" అంది.

గుర్తు కనబడగానే దాన్ని పరిచిందెవరో రేడియోలో అడగాలి. జవాబు రాకపోతే సరుకు వెనక్కి తేవాలి. తెచ్చిన రోజు కింద ఎవరో పస్తుంటారు. అది తెలిసే వద్దని చెప్పాలి.