మడ్డి దిగిన బీరు

అరబ్బు దేశంలోని మెసయీద్‌లో జలంధర్ ఎక్కని పరంజా లేదని ఒకప్పుడు తోటివాళ్లు చెప్పుకునేవారు. జగిత్యాల దగ్గరి పల్లెలో, తాటిచెట్లెక్కే ఇంట్లో పుట్టినవాడికి ఎత్తంటే లెక్కేముంది? మోకాలు చెడ్డాక కంపెనీ అతన్ని కిందికి దించి, క్వార్టర్లలో ఒక ముసలి ఇంజనీరుకు వంటమనిషిగా వేసింది. ఆయనది చెక్ దేశం. పేరు నోరు తిరగక జలంధర్ ‘సార్’ అనే పిలిచేవాడు.

మొదటి వారంలోనే స్టోర్‌రూం తలుపు సందులోంచి ఒక వాసన వచ్చింది. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పొద్దున్నే చెట్టు మీంచి దిగిన కల్లులొట్టిలో నురగ వాసన! తలుపు తీస్తే మూత బిగించిన ప్లాస్టిక్ డ్రమ్ము, లోపల బుడబుడమంటూ బీరు. ఈ దేశంలో ఇంట్లో చేయకూడని పని అది. వెనకే వచ్చిన సార్ ముఖం పాలిపోయింది.

“భయపడకుండ్రి సార్. మా నాయన కల్లు గీసేటోడు,” అన్నాడు జలంధర్, తనకొచ్చిన హిందీలో. ఏళ్లుగా మనవాళ్లతో పనిచేసిన సార్‌కు ఆ భాష తెలుసు.

ఆ మాటతో ఇద్దరికీ జత కుదిరింది. సార్ బీరు రుచిగానే ఉండేది కానీ ఎప్పుడూ కుడితినీళ్లలా మసకగా వచ్చేది. ఆయనకు అదే దిగులు. చివరికి జెలటిన్ వేస్తే తేటపడుతుందని ఎక్కడో చదివి, జలంధర్‌ను దుకాణానికి పంపాడు. నిజామాబాద్ నుంచి వచ్చిన స్నేహితుడు జహాంగీర్ పట్నంలో, అల్ సద్ పేటలో ఒక పెద్ద దుకాణంలో పని చేసేవాడు.

“జెలటిన్ ఎందుకే మామా? క్యాంప్‌ల పుడింగ్ చేస్తున్నవా?”

“సార్‌కు జెల్లీ అంటే పాణం,” అని బొంకాడు జలంధర్.

“గట్లనా! ఇగో, హలాల్ ముద్ర ఉన్నది తీస్కపో. పశువుల తోలు, బొక్కల కెళ్లి తీస్తరంట దీన్ని.”

ఎముకల పొడి వేస్తే బీరు తేటపడడమేమిటో బస్సు దిగేదాకా ఆలోచించినా జలంధర్‌కు అంతుపట్టలేదు.

సార్ ఆ పొడిని చల్లటి నీళ్లలో నానబెట్టాడు. సన్నని సెగ మీద, మరగనివ్వకుండా కరిగించాడు. ఫ్రిజ్‌లో బాగా చల్లబడ్డ బీరులో పోసి మెల్లగా కలిపాడు. ఇక ముట్టుకోవద్దన్నాడు. రెండు మూడు రోజులకు మడ్డంతా అడుగున మెత్తగా పేరుకుంది. పైన బీరు బంగారు తీగలా మెరిసింది. సార్ గ్లాసు వెనక పేపరు పెట్టి అక్షరాలు చదివి, చిన్నపిల్లాడిలా నవ్వాడు.

అడుగున ఆ మడ్డి చూడగానే జలంధర్‌కు తల్లి భూమవ్వ కళ్లముందు నిలిచింది. వానాకాలం వాగునీళ్లు ఎర్రగా వస్తే, చిల్లగింజను కడవ లోపల గరగర అరగదీసేది. తెల్లారేసరికి బురద కిందికి, తేటనీళ్లు పైకి. ఆ సంగతి చెబితే సార్ గింజ ఎలా ఉంటుందో బొమ్మ గీయించుకున్నాడు.

“ఇదిగో, నువ్వూ తాగు,” అంటూ గ్లాసు అందించాడు.

జలంధర్ ఒక గుక్క తాగాడు. బాగానే ఉంది. కానీ ఆ కల్లు వాసన సగానికి సగం పోయిందనిపించింది. మొహమాటపడుతూనే చెప్పాడు.

“మా నాయన కల్లు తెల్లగ, చిక్కగ ఉంటుండె సార్. తాటాకు దొప్పల పోస్తే నురుగుల తేనెటీగ తేలుతుండె. దాన్ని ఊదేసి తాగుతుంటిమి. ఎవలన్న తేట కల్లు పోస్తే నీళ్లు కలిపిండ్రని మొఖం మీదనే కొట్టేటోడు నాయన.”

సార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తన తండ్రి నేలమాళిగలోంచి తెచ్చిన బీరు కూడా మసకగానే ఉండేదనీ, పండగనాడు అందరం ఒకే పాత్రలోంచి తాగేవాళ్లమనీ నెమ్మదిగా చెప్పాడు. తర్వాతి విడతలో కొన్ని సీసాలకు జెలటిన్ వేయలేదు.

అవి తాగే యోగం కుదిరేలోపే, ఏసీల మరమ్మతుకు మనుషులు ఇల్లిల్లూ తిరుగుతారని కబురొచ్చింది.  పట్టుబడితే సార్‌ను వాళ్ల దేశం పంపేస్తారు. మరి జలంధర్‌ను? సార్ స్టోర్‌రూం తలుపు బార్లా తీశాడు.

“అన్నీ పారబోద్దాం. నీకేమీ కాకూడదు,” అన్నాడు.

తేటబీరు ముందు స్నానాలగది తూములో పోయింది. మసక సీసాల దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. స్నానాలగది గడప మీదే కూర్చుని ఒక్కొక్క గ్లాసు తాగారు. మిగతావి జలంధరే వంపాడు. నురగ తెల్లగా పొంగి గదంతా పుల్లటి వాసన కమ్ముకుంది. నాయన చెమటపట్టిన బనీను, భుజాన చెట్టెక్కే మోకు, నడుముకు కట్టిన లొట్టి, చెట్టు దిగుతూ వేసే కేక... అన్నీ ఒక్కసారిగా మీదకొచ్చాయి. అతను కళ్లు తుడుచుకున్నాడు. సార్ చూడనట్టే ముఖం తిప్పుకున్నాడు.

మళ్లీ ఆ ఇంట్లో బీరు పులియలేదు. ఏడాది తిరక్కుండానే సార్ ఉద్యోగం ముగించుకుని వాళ్ల దేశం వెళ్లిపోయాడు.

అయితే బీరు పారబోసిన ఆ వారమే, శుక్రవారం, మధ్యాహ్నం వంట కాగానే జలంధర్ భార్య శోభకు ఫోన్ చేశాడు.

“దుబాయ్‌ల గింత జల్దినే ఖాళీ దొరికిందా?” అని ఆశ్చర్యపోయిందామె. ఏ అరబ్బు దేశమైనా ఆమెకు దుబాయే.

“ఊకెనే. నాయన యాదికొచ్చిండు.”

పెళ్లికి ముందే చెట్టు మీంచి పడి చనిపోయిన మామను శోభ చూడనేలేదు. ఇన్నేళ్లలో జలంధర్ ఆయన ఊసెత్తింది లేదు. ఆమె పొయ్యి కట్టేసి గద్దె మీద కూర్చుంది.

“మామ ఎట్లుంటుండె? చెప్పు, వింట,” అంది.

జలంధర్ చెప్పడం మొదలుపెట్టాడు.