తిక్క ఇన్‌స్పెక్టర్‌వి ఎనిమిది పేజీలు

2023లో నరసరావుపేటలో, ఒక రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్ ఇంటి మేడ మీద అద్దెకుంటూ నా మొదటి నవల అనువదించాను. నేను పుట్టి పెరిగింది, ఫ్రెంచ్ నేర్చుకున్నది హైదరాబాద్‌లో. మా ఆయన ఉద్యోగం కోసం పేటకు వచ్చాం.

ఆ ఫ్రెంచ్ నవల ఒక వింత పోలీస్ ఇన్‌స్పెక్టర్ కథ. హత్యాస్థలంలో దొరికింది అడుగు చిరిగిన ఎడమ బూటు ముద్ర ఒక్కటే. అతనేమో సాక్షులను వదిలేసి, ఆ వీధిలో చెప్పులు కుట్టే ముసలాయనతో రోజూ కబుర్లాడతాడు. రెండు వందల నలభై పేజీలు దాటకూడదని ఎడిటర్ షరతు. ఆ కబుర్లు ఎనిమిది పేజీలు ట్రిమ్ చేశాను, అంటే కథకు అక్కర్లేదనుకున్నది కోసేశాను. ఫోన్‌లోనే ఫైల్ తెరిచి చేసిన రెండు నిమిషాల పని.

పోలీసు మాటలు సరిచూడమని కింద ఉండే ఇంటి యజమాని దాసు బాబాయ్‌కి మొదటి నుంచీ చదివి వినిపిస్తూ వచ్చాను. ఫైనల్ ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు ఆఖరిసారి చూసే ప్రతి, వచ్చిన సాయంత్రం చివరి అధ్యాయం చదివాను. ఇన్‌స్పెక్టర్ నేరుగా ఒక ఇంటి మూడో అంతస్తుకెక్కి, గుమ్మంలో ఉన్న ఎడమ బూటు తిప్పి చూస్తాడు. దానికి కొత్త అడుగు వేసి ఉంది. తలుపు తీసినవాడే హంతకుడు.

"ఊరినిండా ఇళ్లుంటే ఆ గుమ్మానికే ఎందుకు పోయాడమ్మాయ్?"

"ఆయనంతే బాబాయ్, తిక్క మనిషి."

"వట్టి తిక్కోడికి జీతమెవడిస్తాడు? మాచర్లలో మా సీఐ గారూ చానా తిక్కాయనే. దొంగ కోసం పోయిన ఇంట్లో ముందు పొయ్యికాడ కూచునేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. ఇంట్లో ఇద్దరుంటే ముగ్గురికి వండారేమో చూసేవాడంట."

"ఇది నవల, మీ స్టేషన్ కాదు. మీకర్థం కాకపోతే నేనేం చేయను?" గొంతు పెరిగింది.

లోపలి నుంచి పిన్ని అంది, "ఏందయ్యా, ఆ పిల్లను ఎంక్వైరీ చేస్తన్నావా?"

"నాకర్థం కాకపోతే పోనీ. కొనుక్కున్నోడికైనా అర్థం కావాలిగా," అన్నాడాయన.

ఆయనదే తప్పని చూపిద్దామని విసురుగా పైకెళ్లి ఫ్రెంచ్ పుస్తకం తెరిచాను. నేను కోసిన చోటే ముసలాయన అంటున్నాడు: హత్య జరిగిన మర్నాడే ఆ ఇంటి మూడో అంతస్తు ఆయన వచ్చి, ఒక్క ఎడమ బూటుకే అడుగు మార్పించుకున్నాడని. నెలల కింద చేసిన కోత, నాకే గుర్తులేదు. హంతకుణ్ని పట్టిచ్చే మాట లేకుండా, నా పేరుతో మొదటి పుస్తకం తెల్లారితే అచ్చుకెళుతోంది.

వెంటనే ఎడిటర్‌కి ఫోన్ చేశాను. "పేజీలు పెరగవమ్మా. అవి పెట్టాలంటే ఇంకేదో తీయాలి," అన్నారు.

సరిగ్గా ఎనిమిది పేజీలది ఒకటుంది. నా ముందుమాట. ఫ్రెంచ్ గురించి, నా కష్టం గురించి, చివర్లో దాసు బాబాయ్‌కి కృతజ్ఞతలు. "అది తీసేయండి సార్," అన్నాను.

అనవసరం అనిపించిన పేరాను ఇప్పుడు వెంటనే కోయను. చివరి అధ్యాయం ఎవరికైనా చదివి, వాళ్లు అడిగేది విన్నాకే కత్తెర పడుతుంది.

పుస్తకం వచ్చాక బాబాయ్ మొదటి పేజీలన్నీ తిరగేశాడు.

"నా పేరు రాశానన్నావు, ఏదమ్మాయ్?"

"తీసేయాల్సి వచ్చింది బాబాయ్." ఎందుకో చెప్పాను.

కాసేపు అట్ట నిమిరాడు. "పోనీలే. దొంగ దొరికాడుగా."