సిద్ధప్ప అడిగే పాట

మా సిద్ధప్పన్న గంపెడు పాటలు రాశాడు. జనానికి మాత్రం ఒక్కటే కావాలి, అదీ మీసాలు సరిగ్గా రాని వయసులో రాసింది. ఆయన పక్కన కూర్చుని డోలక్ వాయించి అరచేతులు కాయలు కాసినవాణ్ణి కాబట్టి, ఈ మాట అనే హక్కు నాకుంది.

ఎమ్మిగనూరులో మగ్గాల ఇంట పుట్టాడాయన. వాళ్ళ వీధిలో ఒక అలవాటుండేది. ఇంకా చీకటి విడవకముందే నేతగాళ్ళు వచ్చి మగ్గం గుంతల్లో కాళ్ళు పెట్టి కూర్చునేవాళ్ళు. పక్క గుంతలోకి ఎవరొచ్చారో కనబడదు. ఒకరు కేకేసేవారు, పక్కవారు పలికేవారు. ఆ పలుకు వినబడితేగానీ ఎవరూ నాడె విసిరి నేత మొదలుపెట్టేవాళ్ళు కాదు. కుర్ర సిద్ధప్ప దానికి బాణీ కట్టాడు, అంతే.

"పొద్దు పొడవలేదు, పోగు తెగలేదు,
నా పక్కన ఎవరుండారు?"

అక్కడ ఆపేస్తాడు. తర్వాతి ముక్క ఆయన రాయలేదు. అది పక్క గుంతవాళ్ళది. "నేనుండా!" అని వాళ్ళు పలకాలి. పెళ్ళయ్యాక ఆయన ఇంట్లో అలా పలికేది భార్య హనుమమ్మ. రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుడుతూ, తల ఎత్తకుండానే పలికేది. తర్వాత మేం ఆర్కెస్ట్రా పెట్టుకుని జాతరలకు, వినాయకుడి మండపాలకు తిరగడం మొదలుపెట్టాక ఊళ్ళకు ఊళ్ళే పలికాయి.

ఆయనకేమో ఆ పాటంటే సిగ్గు. "పిల్లోళ్ళు దాగుడుమూతలాడినట్టుంటాది గురూ" అనేవాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. నిఘంటువు కొనుక్కొచ్చి పెద్దపెద్ద పాటలు రాశాడు. వాటిని ఎత్తుకోగానే జనం లేచి మిరపకాయ బజ్జీల బండి దగ్గరికి పోయేవాళ్ళు. హనుమమ్మక్క ఒకసారి మొహమ్మీదే అడిగేసింది.

"నీ పెద్ద పాటల్లో మేం యాడ కూసోవాల సామీ?"

పోయినేడు వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది. నెలల తరబడి ఆయన ఇల్లు కదల్లేదు. కదిలిన రోజు చేతిలో కొత్త పాటతో వచ్చాడు. హనుమమ్మక్క మీద రాసిన పాట. నిఘంటువు మాట ఒక్కటి లేదు. మొదటిసారి పాడి వినిపించినప్పుడు నేను ఏడ్చాను, దాచుకోవడమెందుకు?

"ఒక్కసారి జనం ముందర దీన్ని కడదాకా పాడల్ల గురూ. ఇంకేం అడగను. ఆ పాత పాట ఇంక నా నోట రాదు. పక్కన ఎవరుండారని యా మొగంతో అడగల్ల?"

ఈసారి ఆదోనిలో పత్తి వ్యాపారుల వినాయకుడి మండపం దగ్గర కచేరీ. వాళ్ళ తరఫున గిరిధర్ అనే సేటు శాలువా కప్పి, "ఏం పాడినా మీ ఇష్టం సిద్ధప్పన్నా, ఆఖర్న మాత్రం మా పాట పడాల" అన్నాడు. మా పాట అన్నాడు, చూడండి! నాకు ఒళ్ళు మండింది.

సిద్ధప్పన్న కళ్ళు మూసుకుని కొత్త పాట ఎత్తుకున్నాడు.

"కండెలు చుట్టిన చెయ్యి, ఈ పొద్దు యాడ బోయె..."

ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అంతే, మైదానమంతా ఒక్క గొంతుతో "నేనుండా!" అని అరిచింది. ఈలలు, నవ్వులు. వాళ్ళలో ఒక్కరికీ చెడ్డ బుద్ధి లేదు. ఆయన ఎక్కడ ఆగితే అక్కడ పలకడం వాళ్ళకు అలవాటు. రెండో వరుస పాడాడు. మళ్ళీ ఆగాడు, మళ్ళీ అరిచారు. ఆ సందు పూడ్చాలని నేను డోలక్ గట్టిగా వాయించాను. ఏం లాభం? మగ్గం మీద నేర్చిన ఊపిరి అది, వరుస చివర ఆగకుండా ఆయన పాడలేడు. మూడో వరుస ఎత్తుకోలేదు. కాసేపు నా వైపు చూశాడు. తర్వాత పాత పాట అందుకున్నాడు.

జనం పూనకం వచ్చినట్టు ఊగిపోయారు. పళ్ళు కొరుక్కుంటూ వాయించాను నేను.

మేం వేదిక దిగొచ్చాక ప్రమీల అనే ఆమె ఎదురొచ్చింది. పెద్దకడుబూరు నుంచి వచ్చిందట, పత్తి తీసే కూలీ.

"అన్నా, మా ఆయన పోయి శానా ఏండ్లాయ. ఇంట్లో ఉండానా సచ్చినానా అని అడిగేటోళ్ళు లేరు. ఈడ నువ్వడుగుతావు. దానికే ఆటో ఎక్కి వస్తాను. ఇడిసిపెట్టొద్దన్నా, ఏటేటా పాడు."

"పాడతానమ్మా" అన్నాడాయన, చేతులు జోడించి.

అంతసేపూ జనాన్ని తిట్టుకుంటున్న నాకు ఈమెను తిట్టుకోవడానికి మనసొప్పలేదు. ఎవరైనా అడిగితే బాగుండుననుకునేవాళ్ళు లోకంలో ఇంతమంది ఉన్నారని నాకేం తెలుసు? పెద్ద పాటలు వాళ్ళకు ఏవేవో చెప్పాయి. అడిగింది ఈ పాట ఒక్కటే.

వ్యాన్‌లో వస్తూ, "మరి అక్క పాటన్నా?" అన్నాను.

"అది ఇంక పాడను గురూ. ఇనాల్సిన మనిషే లేదు. వీళ్ళను అడుగుతా పోవడమే ఇంక నా పని, సచ్చేదాకా."

అన్నట్టే పాడుతున్నాడు. గోనెగండ్లలో, మద్దికెరలో, ఎక్కడ పిలిస్తే అక్కడ. ఆయన అడుగుతాడు, జనం అరుస్తారు. అరుపు పూర్తిగా అణిగిపోయాక కూడా ఆయన వెంటనే అందుకోడు. తల కొంచెం పక్కకు వంచి, ఇంకా ఎవరో పలకాల్సి ఉన్నట్టు నిలబడతాడు. నేనూ డోలక్ ఆపేస్తాను. అది పాటలో ఒక సొగసు అనుకుని జనం చప్పట్లు కొడతారు.