అంబాసిడర్‌కు కొత్త ఇరుసు, తాతయ్యకు వెనక సీటు

మా చిన్నప్పుడు జర్మనీలోని ఇంగోల్‌స్టాట్‌లో, మా అద్దె గ్యారేజీలో, వెనక చక్రాలు ఊడదీసిన తెల్ల అంబాసిడర్ ఒకటి దిమ్మల మీద నిలబడి ఉండేది... కార్లు తయారుచేసే ఊరు. నాన్న కూడా కార్ల ఇంజనీరే. అలాంటి మనిషి, ఎవరో జర్మన్ పెద్దాయన ఎప్పుడో బొంబాయి నుంచి ఓడలో తెచ్చుకున్న ఆ పాత బండిని ఏరికోరి కొన్నారు. "కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే" అని అమ్మ ఒక్క మాటతో సరిపెట్టింది.

కారణం లేకపోలేదు. తాతయ్య రాజమండ్రిలో టాక్సీ నడిపేవారు. అదీ అంబాసిడరే. నాన్నను చదివించింది ఆ బండే. ఎవరెవరినో పెళ్లిళ్లకూ ఆసుపత్రులకూ తిప్పారు గానీ, అందులో వెనక సీట్లో ఆయన ఏనాడూ కూర్చోలేదట. ఇప్పుడు మొదటిసారి జర్మనీ వస్తున్నారు. ఆయన్ని వెనక కూర్చోబెట్టి తాను నడపాలని నాన్న కోరిక. ఎయిర్‌పోర్టు నుంచే అలా తీసుకురావాలని...

వెనక ఇరుసు దగ్గరే వచ్చింది చిక్కంతా. దాని మధ్యలో క్రౌన్, పినియన్ అని రెండు పళ్లచక్రాలుంటాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ అరిగిపోయాయి. జర్మనీలో దొరికే ప్రశ్నే లేదు. రాజమండ్రిలో మా అత్తయ్య కాళ్లరిగేలా తిరిగి, ఒక పాత కొట్టు అటక మీద దుమ్ము పట్టిన రెండు సెట్లు పట్టుకుంది. ఒకటి పాడైతే ఇంకోటి ఉంటుందని రెండూ కొనేసింది.

తెచ్చే పూచీ హరి అన్నయ్యది. ఇక్కడ చదువుకుంటూ ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు, సెలవులకు ఊరెళ్లాడు. తిరుగు ప్రయాణానికి అతని పెట్టెను కిరాణా కొట్టు కాటా మీద పెట్టి చూస్తే బరువు ఎక్కువొచ్చింది. ఆవకాయ తీయడానికి అత్తయ్యకు మనసొప్పలేదు. చూడటానికి ఒకేలా ఉన్నాయి కదా అని ఒక పెద్ద చక్రం, ఒక చిన్న చక్రం తీసి పక్కన పెట్టింది.

ఆవకాయ భద్రంగా చేరింది. నాన్న చక్రాల మీది గ్రీజు తుడిచి చూస్తే, రెంటి మీదా వేర్వేరు నంబర్లు. ఆ రెండు చక్రాలనూ ఒకదానితో ఒకటి సానబట్టి జోడీగా చేస్తారట, రెంటి మీదా ఒకే నంబరు చెక్కుతారట. జోడీ మారితే పళ్లు సరిగ్గా కలవవు. అత్తయ్య ఒక జోడీలో పెద్దదాన్నీ, ఇంకో జోడీలో చిన్నదాన్నీ పంపింది.

నాన్న ఫోనులో అరిచారు. అత్తయ్య అంతకంటే గట్టిగా అరిచింది. "నాకేం తెలుసురా! వాటికి కూడా జాతకాలు చూసి పంపాలా ఏంటి?"

చివరికి పెద్దదానికి జోడీ అయిన చిన్నచక్రం తాతయ్య పెట్టెలోనే, ఆయన పంచెల మడతల మధ్య వచ్చింది. కారు మాత్రం కదల్లేదు. మ్యూనిక్ ఎయిర్‌పోర్టు నుంచి అందరం రీజనల్ రైల్లోనే వచ్చాం. నాన్న దారి పొడవునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నారు.

ఇక రోజూ ఆఫీసు నుంచి రాగానే గ్యారేజీలోకి దూరేవారు. రెండు చక్రాల మధ్య సందు వెంట్రుకంత తేడా లేకుండా కుదరాలి. సన్నటి రేకుముక్కలు పెట్టడం, బిగించడం, తిప్పి చూడటం, మళ్లీ విప్పడం... తాతయ్య మంకీ క్యాప్ పెట్టుకుని, శాలువా కప్పుకుని పక్కనే కుర్చీలో కూర్చునేవారు. బండి నడపడమే గానీ దాని కింద దూరడం ఆయనకు బొత్తిగా గిట్టదు.

"ఒరేయ్, అవుద్దా ఇది? నేను విమానం ఎక్కాక నడుపుతావా ఏంటి?"

"నువ్వు కాస్త ఊరుకో నాన్నా."

చక్రాలు కుదిరేసరికి తాతయ్య వీసా గడువు దగ్గరపడింది. రోడ్డెక్కే ముందు చేయించాల్సిన బండి తనిఖీకి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంటు, దొరకలేదు. నాన్న అన్నం ముందు కూర్చుని చేత్తో కెలికి లేచిపోయేవారు. అంతగా దిగులుపడటం నేను అప్పుడే చూశాను. ఆఖరికి తాతయ్య ప్రయాణానికి కొద్దిగా ముందు టెర్మిన్ దొరికింది, బండి పాసైంది.

ఆ ఆదివారం తాతయ్య అలవాటు చొప్పున డ్రైవర్ తలుపు దగ్గరికే నడిచారు. నాన్న వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు.

"ఛ, వెనకేంట్రా, షావుకారులాగా..."

"కూర్చో నాన్నా."

కూర్చున్నారు, సీటు అంచు మీద, ముందు సీటును పట్టుకుని. గేరు మార్చమనీ, సైకిలు వస్తోందనీ ఒకటే పోరు. డాన్యూబ్ వంతెన దాటాక మాటలు తగ్గాయి. కొత్త పళ్లచక్రాలు చప్పుడు చేయడం లేదు. వెనక ఆయన పక్కనే ఉన్న నేను తిరిగి చూస్తే, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిద్రపోతున్నారు.

"నాన్నా, తాతయ్య ష్లేఫ్ట్" అని సగం జర్మన్‌లో గుసగుసలాడాను.

నాన్న అద్దంలో చూశారు. మా వీధి వచ్చింది. బండి ఆగలేదు.

"ఇల్లు దాటిపోయామండీ" అంది అమ్మ.

"తెలుసు" అన్నారు నాన్న. కళ్లు తుడుచుకుని, ఊరు చుట్టూ ఇంకో చుట్టు తిప్పారు, ఆ తర్వాత మరొకటి...

ఇప్పుడు ఏ పార్టు కావాలన్నా ఫోన్లో నొక్కితే గుమ్మం ముందుకొస్తుంది. నాది ఎలక్ట్రిక్ కారు, అసలు చప్పుడే ఉండదు. నాన్న వెనక కూర్చుని, స్పీడెంతో అడుగుతూ, రెప్ప వాల్చకుండా రోడ్డు చూస్తుంటారు. ఒక్కసారైనా నిద్రపోతారేమోనని నేను దూరపు దారినే పోతుంటాను... మీ బండిలో మీ నాన్న ఎప్పుడైనా నిశ్చింతగా నిద్రపోయారా? నిద్రపోయి ఉంటే చెప్పండి, వినాలని ఉంది...